చల్లారిన ఇంజను కోసం గిద్దలూరు

మా అత్తమ్మకు మోకాళ్లు పట్టేశాయి, బస్సు మెట్టు ఎక్కలేదు. వారానికోసారి తెల్లవారుజామున బయల్దేరి ఒంగోలు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అందుకే పాత కారు వెతికాను: చిన్నది, సీటు ఎత్తుగా ఉన్నది, పొద్దున్నే మొండికేయనిది. అలాంటిది గిద్దలూరులో ఉందని తెలిసి, మార్కాపురం రోడ్ స్టేషన్లో ఏడింటికి ప్యాసింజరు ఎక్కాను.

“కారు కొననీకి రైల్లో పోతుండావా అక్కా?” అన్నాడు ఎదురు సీటాయన, నా పని విని.

“కొనకముందే కార్లో ఎట్ల పోతానన్నా?”

ఆయన నవ్వుకుంటూ కంభంలో దిగిపోయాడు.

తొమ్మిదిలోపే దిగి, ఆటోలో ఆ కారు అమ్మే ఖాదర్ భాయ్ ఇంటికి చేరాను. ఆయనకు గిన్నెల దుకాణం ఉంది. రేకుల షెడ్డులో తెల్ల కారు. ఎక్కి, దిగి చూశాను, అత్తమ్మకు సరిపోతుంది.

“నాలుగు రోజుల నుంచి తియ్యలేదక్కా,” అన్నాడు.

బానెట్ మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. పాత కారు కొనబోయేవాళ్లు ముందు ఇదే చూడాలి. వేడి ఇంజను ఎవరు తిప్పినా పలుకుతుంది, చల్లారాకే దాని గుణం తెలిసేది.

“ఏంది భాయ్, నీ కారుకు జ్వరమొచ్చిందా?”

“ఎండక్కా!”

“షెడ్డులోకి ఎండ ఎట్ల దూరింది? ఇది చల్లారేదాకా నేను కదలను,” అని అరుగు మీద కూర్చున్నాను.

ఆయన భార్య షమీమ్ టీ తెచ్చింది. “ఆయన్ను అనొద్దక్కా. నేనే తీసినా. ఇందాక ఆయన దుకాణం తెరవనీకి పోయినప్పుడు రైల్వే గేటు దాకా పోయొచ్చినా.”

“నువ్వా? ఎందుకే?” అన్నాడు ఖాదర్ భాయ్.

“నేను డ్రైవింగు నేర్చుకున్న బండి. ఇది అమ్మి నువ్వు దుకాణానికి ట్రాలీ ఆటో తెస్తాంటివి. దాంట్లో గిన్నెల మధ్య కూర్చోని మా అమ్మింటికి పోవాల్నా?”

నాకు ఆసక్తి పెరిగింది. “నువ్వే చెప్పు చెల్లెలా, చలిలో ఎట్లుంటది?”

“మొదటిసారికి పలకదు. రెండోసారికి పలుకుతాది. మూడోసారి ఎన్నడూ అడగలే.”

ఖాదర్ భాయ్ తల పట్టుకున్నాడు.

భోజనం వాళ్లింట్లోనే అయింది. రెండింటికి తాళం తిప్పితే కారు దగ్గి ఆగింది. మళ్లీ తిప్పాను, అందుకుంది. ఆ దగ్గును చూపించి బేరమాడి, కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నాను.

“రైల్వే గేటు దాకా నువ్వే నడుపు,” అన్నాను షమీమ్‌తో. నడిపింది. దిగి, తలుపు మెల్లగా మూసింది. “గట్టిగా వేస్తేనే పడుతుందక్కా,” అని మళ్లీ తెరిచి గట్టిగా వేసి, వెనక్కి నడిచింది.

కంభం దగ్గర ఆగి ఇంటికి ఫోన్ చేశాను. ఈ ప్రయాణంలో నాకు దొరికింది కారు ఒక్కటే కాదు, షమీమ్ కూడా అని చెప్పాలనుకున్నాను. కానీ ముందు కారు లోపమే నోట్లోంచి వచ్చింది.

“రెండోసారికి గానీ లేవదంట అత్తమ్మా.”

“నేను మాత్రం మంచం మీద నుంచి ఒక్కసారికే లేస్తాండానా? పట్టుకొని రా.”