కూర్మమ్మ ఇంటి తూర్పు కిటికీ

కూర్మమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచీ సముద్రం ఆ ఇంటి వెనకే ఉంది. పాతికేళ్లలో ఒక్కసారి కూడా ఆమె దాన్ని చూడటానికని వెళ్లలేదు. చేపలకు వెళ్లింది, కార్తీక స్నానానికి వెళ్లింది, గాలివాన ఏడాది కొట్టుకుపోయిన పందిరి గుంజల్ని వెతుక్కోవడానికి వెళ్లింది. ఇసకలపేటలో ఇళ్లన్నీ సముద్రానికి వీపు పెట్టే కట్టుకున్నారు. ఆమె మావగారైతే తూర్పు గోడకు చీమ దూరేంత సందు కూడా వదల్లేదు. ఉప్పు కొఠారులో తూనికల గుమస్తాగా చేసిన మొగుడు జ్వరంతో పోయాక, ఆ మూడు గదుల పెంకుటింట్లో ఆమె ఒక్కతే మిగిలింది. బడి పంతుళ్లకు క్యారేజీలు కట్టి బతుకుతోంది.

అరవై ఏడు మే నెలలో ఒక మధ్యాహ్నం, బంగళా వాచ్‌మన్ గంగులు ఇద్దరు మనుషుల్ని, ఒక ట్రంకుపెట్టెని, ఒక మడతకుర్చీని వెంటపెట్టుకుని వాకిట్లోకి వచ్చాడు.

వచ్చినాయన నరసింగరావు, బొబ్బిలిలో ఒక ఆఫీసులో హెడ్ గుమస్తా. ఆయన భార్య నీలవేణికి ఆయాసం. సముద్రపు గాలి పడితే తగ్గుతుందని డాక్టరు అన్నాడు. ఆ గాలి ప్రభుత్వ బంగళాలో పీలిస్తే ఇంకా బాగా పనిచేస్తుందని నరసింగరావు సొంతంగా తేల్చుకుని, మూడు అర్జీలు పెట్టి, ఒక్కదానికీ జవాబు రాకపోవడాన్ని అంగీకారం కింద జమకట్టి బయల్దేరాడు. విజయనగరంలో రైలు మారి, కోటబొమ్మాళిలో దిగి, అక్కడి నుంచి బస్సులో మేకల సరసన కూర్చుని వచ్చాడు.

"బంగళా కాళీ నేదప్పా. ఆఫీసరుగారు వస్తన్నారని కాయితం ఉన్నాది" అన్నాడు గంగులు.

"ఎప్పటి కాయితంరా అది?" అని అడిగింది కూర్మమ్మ.

"తుపానుకి ముందుది. రానని మళ్లీ కాయితం రాలేదు కదా."

నరసింగరావుకు కోపం రాలేదు. ఇరవై ఏళ్లుగా ఇలాంటి జవాబులు తానే ఇస్తున్నాడు కనక, అందులో తప్పు పట్టడానికి ఆయనకేమీ కనిపించలేదు. కూర్మమ్మ అద్దెకిస్తానన్న రెండు గదులూ తిరిగి చూశాడు. గోడల్ని వేళ్లతో తట్టాడు.

"సముద్రం ఏదమ్మా?"

"ఇంటెనకాల ఉన్నాది బాబూ."

"గదిలోంచి కనపడదే?"

"గదిలోంచి ఎందుకు కనపడాల? తలుపు తీసుకుని ఎల్తే కనపడతాది."

సెలవు పెట్టి ఇంత దూరం వచ్చింది గోడను చూడటానికి కాదనీ, దీన్ని సీనరీ అంటారనీ నరసింగరావు ఓపిగ్గా వివరించాడు. తూర్పు గోడకు ఒక కిటికీ పెట్టించుకుంటాననీ, ఖర్చు తానే భరిస్తాననీ అన్నాడు. డబ్బిచ్చి పరాయి వాళ్ల గోడకు కన్నం వేయించుకునే మనిషిని కూర్మమ్మ చూడటం అదే మొదలు.

"మద్దేనం గాలి తిరిగితే ఇసక లోపలికి వస్తాది బాబూ" అని మాత్రం చెప్పింది.

"సముద్రపు గాలి ఆరోగ్యం" అన్నాడాయన.

"అలాగే. మీ ఆరోగ్గెం మీ ఇష్టం."

తాపీ మేస్త్రి లక్ష్ముడు సంగతంతా విన్నాక కూడా, కన్నం పెట్టమంటున్నారా పూడ్చమంటున్నారా అని రెండుసార్లు అడిగాడు. కూలిన కొఠారు నుంచి ఒక పాత కిటికీ తెచ్చి బిగించాడు.

మర్నాడు పొద్దున్న నరసింగరావు కిటికీ ముందు మడతకుర్చీ వేసుకుని ఆఫీసువాళ్లకు ఉత్తరాలు రాశాడు. ఇక్కడి ప్రకృతి సౌందర్యం వర్ణనాతీతం అని మొదలుపెట్టి, నాలుగు పేజీలు వర్ణించాడు. మధ్యాహ్నం గాలి తిరిగింది. నాలుగు పేజీలూ లేచి వంటింట్లోకి ఎగిరిపోయాయి, సిరాబుడ్డి పంచె మీద బోర్లా పడింది. రాత్రి భోజనంలో పంటి కింద కరకరమంది.

"పప్పులో ఇసుక ఉందమ్మా."

"ఉన్నాది బాబూ. అదే సీనరీ."

నీలవేణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

మూడో రోజుకి కిటికీ తలుపులు మూసి, సందుల్లో గోనెగుడ్డలు కుక్కి, ఆయన కుర్చీతో సహా పడమటి గదికి తరలిపోయాడు. అక్కడి నుంచి పశువుల శాల బాగా కనిపిస్తుంది. మిగిలిన సెలవంతా గేదెను చూస్తూ గడిపాడు. గేదె కూడా ఆయన్ని చూసింది.

నీలవేణికి ఒడ్డుకు తోడు కావలసి వచ్చింది. కూర్మమ్మ రోజూ తెల్లారగట్ల ఆమెతో వెళ్లి, పడవలు వచ్చేదాకా చేతిలో ఏ పనీ లేకుండా ఇసకలో కూర్చునేది. మొదట్లో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలిసేది కాదు.

"ఇన్నేళ్లలో ఒక్కరోజైనా ఇలా ఊరికే కూర్చోలేదా?" అని అడిగింది నీలవేణి.

"ఊరికే కూకుంటే ఎవలైనా ఏటనుకుంటారమ్మా?"

"ఏమనుకుంటారు?"

"బొబ్బిలి నుంచి వచ్చిందనుకుంటారు."

వారం తిరిగేసరికి నీలవేణి ఆయాసం తగ్గింది. నరసింగరావు ఊరికి వెళ్లి, ఆ గుణం కిటికీదేనని ఆఫీసంతా చెప్పాడు. ఇసక సంగతి చెప్పడం మరిచిపోయినట్టున్నాడు. పై ఏడు వేసవికి కూర్మమ్మకు సముద్రం గది కావాలంటూ ఐదు ఉత్తరాలు వచ్చాయి. బడి పంతులు చదివి పెట్టాడు. ఎవరొచ్చినా జరిగేది ఒకటే. మొదటి రోజు కిటికీ ముందు ఆహా అంటారు, రెండో రోజు మూసేస్తారు, మూడో రోజు పడమటి గది ఖాళీయేనా అని అడుగుతారు. కూర్మమ్మ ముందుగా హెచ్చరించడం మానేసింది. చదువుకున్నవాళ్లకు చెప్పడానికి ఆమె ఏపాటిది?

అరవై తొమ్మిదిలో నీలవేణి ఒక్కతే చేతిసంచితో బస్సు దిగి, దారంతా నడిచి వచ్చింది.

"బాబు రానేదేటమ్మా?"

"ఆడిట్ ఉందన్నారు. ఉందో లేదో నేను అడగలేదు. నెల్లాళ్లు ఉంటాను."

రెండు గదుల్లోనూ సాలూరు నుంచి వచ్చిన లారీల షావుకారు కుటుంబం దిగి ఉంది. కూర్మమ్మ తన గదిలోనే ఇంకో చాప పరిచి, సంచి అందుకుని లోపల పెట్టింది.

"కాళ్లు కడుక్కో. పొద్దున్న పడవలకి కాసిని నెత్తళ్లు పడ్డాయి. నువ్వు సింతపండు నానబెట్టు, నాను అవి బాగుసేస్తాను" అంది.