లేహ్‌లో వంట బంద్

అండాలమ్మ తిరగని ఊరు లేదు. కాకపోతే ప్రతి ఊళ్లోనూ పొయ్యి దగ్గరే కూర్చుంది. శ్రీశైలం పోయింది, డ్యాం చూడలేదు. కాశీకి రెండుసార్లు పోయింది, గంగ ఎంత వెడల్పుంటుందని అడిగితే చెప్పలేదు. టూరు పోయేటప్పుడు బియ్యం బస్తాలతోపాటు వంటవాళ్లను కూడా వెంటబెట్టుకుపోవడం మనవాళ్ల అలవాటు. మధ్యాహ్నానికి పప్పూ చారూ పడకపోతే హిమాలయాలు కూడా మనవాళ్ల కంటికి ఆనవు మరి!

పెళ్లయిన ఏడాదే నల్లగొండ పల్లె వదిలి భర్త లచ్చయ్యతో వచ్చి గడ్డిఅన్నారంలో దిగింది. మొదట పండ్ల మార్కెట్ హమాలీలకు అన్నం వండిపెట్టింది. తర్వాత దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ పిల్లలకు మెస్ పెట్టింది, సెలవుల్లో టూర్లకు వంటకు పోయేది. అట్లా ముప్పై ఏళ్లు గడిచాయి. రెండు వేల పదకొండు వచ్చేసరికి ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ముదిరి వారానికో బంద్, రోజుకో రాస్తారోకో. కోచింగ్ సెంటర్లు మూతబడి పిల్లలు ఊళ్లకు పోయారు, మెస్ ఖాళీ అయింది. సరిగ్గా అప్పుడే టూర్లు నడిపే సాంబమూర్తి వచ్చి లడఖ్‌లోని లేహ్‌కు వంటకు రమ్మన్నాడు. ఆయనది గుడివాడ. ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉన్నా మాట మాత్రం అక్కడిదే.

లచ్చయ్య వెంటనే తలూపాడు. అండాలమ్మ ఊపలేదు. సాంబమూర్తి ఫోన్‌లో చూపించిన బొమ్మనే చూస్తూ ఉంది. కొండ మీద తొమ్మిదంతస్తుల పాత రాజమహల్, దాని పైన నీలంగా ఆకాశం.

"సారూ, ఒక్క షరతు. ఆఖరి రోజు పొద్దంత మాది. మేమిద్దరం గా మహల్ ఎక్కాలె."

"అంతేగా అమ్మా! నాదీ పూచీ" అన్నాడు సాంబమూర్తి.

ఆ మాట మీదే ఆమె లేహ్ వచ్చింది. వచ్చిన మొదటి రోజే అక్కడి గాలి పరీక్ష పెట్టింది. పెద్ద గిన్నెలో ఎసరు తెర్లుతూనే ఉంది, బియ్యం మాత్రం పలుకుపలుకుగానే ఉన్నాయి. అంత ఎత్తులో మూతపెట్టి వండినా ఉడకదని తెలుసుకుని, గెస్ట్‌హౌస్ యజమానురాలి దగ్గర ప్రెషర్ కుక్కర్లు అడిగి తెచ్చుకుంది. ఆ తర్వాత మూడు రోజులు ఇరవైరెండు మందికి పొద్దున ఉప్మా, మధ్యాహ్నానికి పొట్లాలు, సాయంత్రం మిర్చిబజ్జీలు. అందరూ సరస్సులూ బౌద్ధారామాలూ చూసి వచ్చి బజ్జీలు తింటూ కబుర్లు చెప్పుకునేవారు. ఆమెకు వంటింటి కిటికీలోంచి మహల్ కనపడేది, అదీ సగమే. మిగతా సగానికి పక్కింటి గోడ అడ్డం.

ఆఖరి రోజు పొద్దున అండాలమ్మ తలస్నానం చేసి, పెట్టె అడుగున దాచిన పచ్చ చీర కట్టుకుంది. సాంబమూర్తి వంటింట్లోకి తొంగి చూశాడు.

"అండాలమ్మా, ఇవాళ మన టూరులో హనుమాయమ్మగారి పెళ్లిరోజు. మధ్యాహ్నానికి పులిహోర, పూర్ణాలు, గారెలు. కాస్త ఘనంగా ఉండాలి."

"ఇయ్యాల మాది గద సారూ."

"ఆ మహల్లో ఏముందమ్మా, మట్టిగోడలు! నేను ఫోటోలు తీసుకొచ్చి చూపిస్తాలే."

ముప్పై ఏళ్లుగా అందరూ చూసొచ్చి ఆమెకు చెప్పినవాళ్లే. చెయ్యి చాచి గ్యాస్ బంద్ చేసింది.

"ఏంటది?" అన్నాడు సాంబమూర్తి.

"మొన్న జూన్ల ఎల్బీనగర్ సడక్ మీద వంటావార్పు చేసినం సారూ. నడిరోడ్డు మీద రాళ్లు పెట్టి వండితే బస్సులన్నీ ఆగినయి. ఇక్కడ వండకపోతే ఏమాగుతదో జర చూద్దాం."

"మీ ఉద్యమాన్ని ఇంత దూరం కూడా మోసుకొచ్చావా?"

"మోసుకొచ్చిన. ఉప్పు కారం తోటి అదిగూడ మూట గట్టుకొచ్చిన."

సాంబమూర్తి ముఖం కందగడ్డయింది. "వచ్చే నెల కాశీ టూరుకి వేరేవాళ్లని చూసుకుంటాను. ఆలోచించుకో" అన్నాడు. మెస్ తెరుచుకునేదాకా వాళ్లకు టూర్లే దిక్కు.

"పోనీలేవే, జల్ది వండేసి పోదాం" అని లచ్చయ్య గొణిగాడు.

"గారెలైనంక బోళ్లు తోముడు, బోళ్లయినంక సాయంత్రం చాయ్. నువ్వొస్తవా, నేనొక్కదాన్నే పోవాల్నా?"

లచ్చయ్య తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

ఎక్కుడు దారి నిటారుగా ఉంది. ఇరవై అడుగులకోసారి ఆగాల్సి వచ్చింది. లచ్చయ్య ఆయాసపడితే ఆమె నిలబడింది, ఆమె ఆయాసపడితే అతను నిలబడ్డాడు. ఇద్దరికీ తొందరేమీ లేదు, ఎవరికీ వడ్డించేది లేదు. అట్లా ఊరికే నిలబడటం ఎంత హాయిగా ఉందో ఆమెకు అప్పుడే తెలిసింది.

మహల్ ద్వారం దగ్గర టూరు జనం కనపడ్డారు. హనుమాయమ్మ ఫోటోకి సర్దుకుంటూ, అలవాటు కొద్దీ శాలువా, హ్యాండ్‌బ్యాగూ చాచింది. "అండాలమ్మా, ఇవి కాస్త పట్టుకోవూ!"

"ఇయ్యాల పట్టుకోనమ్మా. నేను గూడ చూడనీకే ఒచ్చిన."

ఆ మాట మెత్తగానే అన్నది, చెయ్యి మాత్రం చాపలేదు. హనుమాయమ్మ బ్యాగు తన భుజానికే తగిలించుకుని, "అవునమ్మా, నాదే పొరపాటు. మీరు ముందు వెళ్లండి" అని దారి ఇచ్చింది.

లోపల చీకటి గదులు, తల వంచితేగాని పట్టని గుమ్మాలు, ఇరుకు మెట్లు. గోడ పట్టుకుని ఒక్కో అంతస్తూ ఎక్కి, ఒక డాబా మీదికి రాగానే వెలుగు కళ్లలో కొట్టింది. ఊరు మొత్తం కింద పరుచుకుని ఉంది. మట్టిరంగు ఇళ్లు, వాటి మధ్య పచ్చటి మళ్లు, ఎదురుగా ఈ చివర నుంచి ఆ చివర దాకా మంచుకొండలు. మధ్యలో ఏ గోడా అడ్డం లేదు. అండాలమ్మకు ఏడుపొచ్చింది, కళ్లు తుడుచుకోకుండానే చూసింది.

లచ్చయ్య పక్కనే కూలబడ్డాడు. "మంచిగున్నదే. గని సాంబమూర్తి సారు ఇగ మనల్ని పిలువడు."

"పిలువకపోనీ. చూసినదాన్ని నా కండ్లల్లకెల్లి గుంజుకుంటడా? లే, పైన ఇంకో అంతస్తున్నది" అంటూ ఆమె మెట్లెక్కసాగింది.