పర్షియాలో మేం తవ్విన బావి

1942 ఏప్రిల్‌లో ఆ మైదానానికి చేరాం. మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. ఇరాక్‌లోని బస్రాలో ఓడ దిగాక రెండు రోజులు రైలు, రెండు రోజులు లారీ. పడమటి పర్షియాలో కొండల నడుమ ఎండునేల. చెట్టు లేదు. గాలికి ఇసుక పళ్ళలో కరకరలాడేది. ఉత్తరాన మూడు మైళ్ళ దూరంలో మట్టి మిద్దెల ఊరు, దాని కింద పచ్చటి గోధుమ చేలు. మనిషికి రెండు కంబళ్ళు, ఒక పార, ఒక నీళ్ళ సీసా ఇచ్చారు. ఆ సీసాతోనే రోజు గడవాలి.

మాది సాపర్ల దళం. దారులు, వంతెనలు, బావులు మా పని. యుద్ధంలో ఇంగ్లండు, రష్యా మిత్రులయ్యాయి. రష్యాకు సామాను మోసే లారీలు ఆ దారినే పోవాలి. అవి ఆగడానికి ఒక మకాం కావాలి. పర్షియా ఎవరి పక్షమూ చేరనన్నది. అయినా దారి మధ్యలో ఉంది.

మరునాడు ఉదయం ఆరు గంటలకు కెప్టెన్ మమ్మల్ని వరసలో నిలబెట్టాడు. నీళ్ళ జాడ తెలిసినవాడెవడని అడిగాడు. నేను చెయ్యెత్తాను. మా తాత పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో బావులకు చోటు చూసేవాడు. ఆయన వెంట తిరిగి నేర్చుకున్నాను.

మా హవల్దారుది కుప్పం. నవ్వాడు.

"రేయ్ పుంగనూరోడా! మీ ఊర్లో నీళ్ళే లేవు. నీకేం తెలుస్తాదప్పా?"

"లేనోళ్ళకే తెలిసేదన్నా."

"అట్లనా? సూస్తాం పా. నీళ్ళు పడకుంటే నిన్నే పిండుకుంటాం."

నాకిచ్చిన గడువు నాలుగు గంటలు. కొండవాలు కింద ఒక పల్లపు చోట ముళ్ళకంప పచ్చగా ఉంది. మట్టి చేత్తో నలిపితే చల్లగా తగిలింది. అక్కడే తవ్వమన్నాను.

ఒక సంగతి దాచకుండా రాయాలి. ఆ చోటికి తూర్పున అర మైలు దూరంలో మట్టి దిబ్బలు కనిపించాయి. కొండ మొదలు నుంచి ఊరి దాకా, సరిగ్గా ఒకే వరసలో. మా తాత ఎక్కడ చోటు చూసినా ముందు చుట్టుపక్కల బావులన్నిటిలోకీ తొంగిచూసి వచ్చేవాడు. ఎవరి నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో చూడకుండా గునపం దింపనిచ్చేవాడు కాడు. ఆ పూట నేను దిబ్బల దగ్గరికి పోలేదు. ఎండగా ఉంది. గడువు దగ్గరపడింది. ఇది మన ఊరు కాదు గదా అనుకున్నాను. ఆ మాట ఆ రోజు డైరీలో నా చేత్తోనే రాసి ఉంది.

పదకొండో రోజు ముప్పై ఎనిమిది అడుగుల దగ్గర జల పడింది. హవల్దారు నన్ను భుజాల మీద ఎత్తుకుని తిప్పాడు. బావి మీద ఆయిల్ ఇంజను పంపు బిగించారు. పంపు నడిపేవాడిది మదనపల్లె, మిషన్ కాంపౌండు క్రైస్తవుడు. ఉదయం ఐదున్నరకు ప్రార్థన చేసుకుని పంపు తిప్పేవాడు. సాయంత్రం ఆరు దాకా అది ఆగేది కాదు. నాలుగు వందల మంది తాగాలి. లారీల రేడియేటర్లు నిండాలి.

పంపు పెట్టిన తొమ్మిదో రోజు ఊరి నుంచి ఒక ముసలాయన నడిచి వచ్చాడు. ఊరి నీళ్ళ బాధ్యత ఆయనది. ఫార్సీ తెలిసిన మా గుమాస్తా ఆయన మాట మాకు చెప్పాడు. ఊరి కాలువ సగమైపోయిందట. ఒకసారి వచ్చి చూడమన్నాడు. కెప్టెన్ నన్ను పంపాడు.

ఆయన నన్ను నేరుగా ఆ దిబ్బల దగ్గరికి తీసుకెళ్ళాడు. ప్రతి దిబ్బ నడుమా ఒక బావి ఉంది. తాడు పట్టుకుని ఇద్దరం ఒక దాంట్లో దిగాం. అడుగున ఒక సొరంగం, మనిషి వంగి నడిచేంత ఎత్తు. కొండ అడుగు నుంచి ఊరి దాకా నేల కిందే నీళ్ళు పారేలా ఆయన పూర్వీకులు తవ్వినది. మా వైపు ఏటి ఇసుకలో తవ్వే ఊటకాలువ లాంటిదే. గోడ మీద పాత నీటి గీత నా మోకాలి దాకా ఉంది. ఇప్పుడు నీళ్ళు చీలమండ దాటలేదు. ముసలాయన ఆ గీత మీద అరచెయ్యి పెట్టి నా మొహం చూశాడు. మా బావికి చోటు చూపించింది నేనేనని నేను ఆయనకు చెప్పలేదు.

తిరిగొచ్చి కెప్టెన్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. పంపు సగం పూటే నడుపుతామని వైర్‌లెస్‌లో పై అధికారులను అడిగించాడు. సాయంత్రం నాలుగుంబావుకు జవాబు వచ్చింది. ఆపరేటర్ పైకి చదివాడు. "పంపు ఆపరాదు. లారీలు పెరుగుతాయి. ఓవర్."

పంపు మనిషి దగ్గరికి పోయాను.

"రోంతసేపు ఆపితే ఎవరికి తెలుస్తాదన్నా?"

"పంపు నా సేతిలో ఉండాదప్పా. ఆపేది నా సేతిలో లేదు. ఆడ రష్యాలో జనాలు ఆకలికి సస్తాండారంట. వాళ్ళకు గదా ఈ లారీలు పోతాండేది."

"మరి ఈ ఊరోళ్ళు?"

అతను నూనె గుడ్డతో చేతులు తుడుచుకుని పంపులో నూనె పోశాడు.

ఊరికి రోజుకొక ట్యాంకరు తాగునీళ్ళు పంపాం. గోధుమకు ట్యాంకరు చాలదు. పాలు పట్టే దశలోనే వెన్నులు తెల్లబడ్డాయి. పంపు పెట్టిన నలభై మూడో రోజుకు ఊరు ఖాళీ అయింది. మేం అక్కడ ఇంకో పద్నాలుగు నెలలు ఉన్నాం.

యుద్ధం ముగిశాక ఇంటికొచ్చాను. కుప్పంలో రైలు దిగాను. హవల్దారు వాళ్ళింట్లో ఒక పూట తిని, పలమనేరు మీదుగా పుంగనూరు బస్సెక్కాను. వరసగా రెండేళ్ళు వానల్లేవు. మూడో రోజే నాయన నన్ను చేను తూర్పు మూలకు తీసుకెళ్ళాడు.

"యాడ తవ్వాల్నో సూసి సెప్పప్పా."

నేను గట్టు దాటి పక్క చేనివాళ్ళ బావిలోకి తొంగిచూశాను. నీళ్ళు రెండు మెట్లే ఉన్నాయి.

"ఈడ వద్దు నాయనా."

"మన నేలలో మనం తవ్వుకుంటే వాళ్ళకేమప్పా?"

"నేల మనదే. కిందుండే నీళ్ళు వాళ్ళవి గూడా."

"పరాయి దేశంలో తవ్వొచ్చినోడు సొంత సేన్లో తవ్వనంటాడే!" అని నాయన తువ్వాలు విదిలించి వెళ్ళిపోయాడు. రెండు నెలలు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత నేను ఎవరికీ బావి చోటు చూపించలేదు.

ఇప్పుడు మదనపల్లెలో నాతో సాయంత్రం నడకకు వచ్చే మిత్రులు పేపరు చూసి వాదిస్తుంటారు. మన దేశమూ పెద్దదైంది, బయట మనకూ స్థావరాలుండాలి, మిత్ర దేశాలతో ఒప్పందాలుండాలి అంటారు. పంపు మనిషి మాట అబద్ధమని నేననను. ఆ లారీల తిండితో ఎవరో బతికే ఉంటారు. కానీ స్థావరమంటే పటం మీద చుక్క కాదు. అది తెల్లారి ఐదున్నరకు నీళ్ళు తాగడం మొదలుపెడుతుంది. ఆ నీళ్ళు ఎవరివో వాళ్ళు ఏ ఒప్పందం మీదా సంతకం పెట్టి ఉండరు. అలాంటి స్థావరం పెట్టకూడదనే నేనంటాను. నా మాట వాళ్ళకు నచ్చదు.

నాయనకు గానీ, ఈ మిత్రులకు గానీ చెప్పనిది ఒకటుంది.

ఊరు ఖాళీ చేసిన రోజు సాయంత్రం నాలుగున్నరకు ముసలాయన మళ్ళీ వచ్చాడు. చేతిలో రాగి బిందె, మూతికి తడిగుడ్డ. మా నీళ్ళ ట్యాంకు దగ్గర నిలబడి గుడ్డ తీశాడు. లోపల వేలెడంత చేపలు, చీకట్లో పెరిగి తెల్లగా పాలిపోయినవి. సొరంగం అడుగు బురదలో మిగిలినవన్నీ ఏరుకొచ్చాడు.

గుమాస్తా ఆయన మాట మాకు చెప్పాడు. "ఇవి ఆ నీళ్ళలోనే పుట్టాయి. నీళ్ళు మీ దగ్గరికి వచ్చేశాయి. వీటినీ ఇక్కడే ఉంచుకోండి."

హవల్దారు ట్యాంకు మూత ఎత్తి పట్టుకున్నాడు. ముసలాయన మోచేతి దాకా చెయ్యి ముంచి, దోసిలి తర్వాత దోసిలి, నెమ్మదిగా వదిలాడు. అవి కాసేపు ఆయన వేళ్ళ దగ్గరే ఆగి, తర్వాత లోతుకు పోయాయి.

రోజూ ఐదు గంటలకు ఆ ట్యాంకులో బ్లీచింగ్ పొడి కలపాలి. అది పడితే చేపలు బతకవు. ఆ పని నాది. డబ్బా నా చేతిలోనే ఉంది. ఆయన ఖాళీ బిందె ఎత్తుకుని, దిబ్బల వరస వెంట నడిచి, కనుమరుగయ్యే దాకా నేను డబ్బా మూత తీయలేదు.