సంతకం లేని డ్రైవర్

ఈ ఉదయం టెక్కలిలో బస్సు దిగేసరికి జోగారావు మావయ్యగారి జిరాక్స్ షాపు ముందు ఒక పెద్దాయన ఆధార్ కార్డు పట్టుకుని నిలబడి ఉన్నారు.

షట్టర్ దించి ఉంది. ఆయనకింకా తెలియదు.

నిన్న సాయంత్రం వరకూ నాకూ తెలియదు. అక్క వాట్సాప్ మెసేజ్ మూడుసార్లు చదివాను. "జోగారావు మావ పోయాడంట. గుండెపోటు."

మాకు చుట్టం కాదు. షాపుకి వచ్చే అందరికీ ఆయన మావే.

రెండేళ్ల క్రితం ఒక కాలేజీ లైబ్రరీలో ఒకే ఒక్క పోస్ట్ పడింది. ఉదయం పదకొండుకి శ్రీకాకుళంలో సర్టిఫికెట్ల వెరిఫికేషన్. అప్లికేషన్ ప్రింట్ లేకపోతే లోపలికి రానివ్వరని ముందు రోజు రాత్రి మెసేజ్ వచ్చింది.

మా నందిగాం నుంచి మొదటి బస్సులో టెక్కలి వచ్చాను. అప్పటికి తెరిచి ఉన్నది ఆయన షాపు ఒక్కటే.

కంప్యూటర్ ముందు రోజే కొన్నది. ప్రింటర్ పన్నెండేళ్ల పాతది. ఒకదాన్ని ఒకటి గుర్తుపట్టలేదు.

ఎనిమిదీ నలభై. నా శ్రీకాకుళం బస్సు తొమ్మిదీ పదికి.

ఆ రెండింటినీ కలిపే సాఫ్ట్‌వేర్, పాత డ్రైవర్, ఆయన దగ్గర పెన్‌డ్రైవ్‌లో ఉంది. ఇన్‌స్టాల్ నొక్కారు. దానికి డిజిటల్ సిగ్నేచర్ లేదని కంప్యూటర్ ఒప్పుకోలేదు.

"సంతకం నేదంట! దీనికీ ఆఫీసరు బుద్ధులొచ్చీసినాయి."

నా వెనక నుంచి ఎవరో అన్నారు. "మావా, ముందు నా జిరాక్స్ తీసీ. ఒక్క కాగితమే."

"నీ కాగితం రేపూ కాగితమేరా. ఈ గుంట ఉజ్జోగం ఇయాలే."

అందరూ నన్ను చూశారు. నేను నేల చూశాను.

సంతకం అడగకుండా చేయాలంటే కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, తెర మీద లిస్ట్ రాగానే 7 నొక్కాలట. ఆయన చేతుల నిండా టోనర్ పొడి నలుపు.

"నువ్వే నొక్కు. ఎనిమిది నొక్కినావంటే మల్లీ మొదటికొత్తాది."

నేను ఎనిమిదే నొక్కాను.

"సర్లే, ఎనిమిదిలో ఏటుందో సూసినాం. మల్లీ కానీ."

మళ్లీ రీస్టార్ట్. తొమ్మిదీ రెండు. నీలం తెర మీద లిస్ట్ వచ్చింది. ఈసారి అంకె చూసుకుని ఏడు నొక్కాను.

ఎర్ర బాక్స్‌లో వార్నింగ్. అయినా ఇన్‌స్టాల్ చేయాలా అని. ఆయన వైపు చూశాను.

"సేసీ."

తొమ్మిదీ ఏడు. ప్రింటర్ గరగరమంది. మొదటి కాగితం తెల్లగా వచ్చింది.

రెండోదాని మీద నా ఫొటో, నా పేరు.

బస్సు ముందే కదిలింది. మావయ్యగారు నల్లటి చేతులు పైకెత్తి రోడ్డు మధ్యలోకి వెళ్లి నిలబడ్డారు. బస్సు ఆపి డ్రైవర్ తిట్లు మొదలుపెట్టాడు.

"తిట్టుకో బావా. గుంటనెక్కించుకుని తిట్టుకో."

కిటికీలోంచి చెయ్యి ఊపానో లేదో నాకు గుర్తు లేదు.

మావయ్యగారూ, ఇక మిమ్మల్ని ఎవరూ తొందరపెట్టరు. ప్రశాంతంగా ఉండండి.

ఆ ఉద్యోగం నాకు రాలేదు. ఆ మాట మీతో చెప్పలేక, ఈ రెండేళ్లూ ప్రింట్లకి పలాస వెళ్లాను.