షట్టరింగ్ నూనె వాసన వేసిన ఖర్జూరం

రియాద్‌లో నేను పర్యవేక్షిస్తున్న కట్టడంలో కాంక్రీటు పోయడానికి ఇప్పుడు అల్యూమినియం అచ్చులే వాడుతున్నారు. అయినా మొన్న మెట్ల మలుపు దగ్గర పలక సరిపోక వడ్రంగి ఒక పాత చెక్కకు కాంక్రీటు అంటుకోకుండా షట్టరింగ్ నూనె పూసి బిగించినప్పుడు, ఎండకు ఆ డీజిల్ వాసన లేచి, నా నోట్లో కాలిన ఖర్జూరం రుచి ఊరింది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. నాన్న హుఫూఫ్ శివార్లలో ఒక గోదాము నిర్మాణానికి సైట్ ఇంజనీరు. మా క్వార్టర్సుకూ సైటుకూ మధ్య తీగ కంచె ఒక్కటే అడ్డు. ఆ చలికాలంలో యుద్ధం మొదలైంది. అమ్మ కిటికీ అద్దాలకు ఐమూలగా టేపు అంటించి, విషవాయువు లోపలికి రాకుండా తలుపు సందుల్లో తడి తువ్వాళ్లు కుక్కేది. సైరను మోగితే ముగ్గురం స్నానాల గదిలో కూర్చునేవాళ్లం. పక్క విల్లాలోని అమెరికన్ కుటుంబం వెళ్లిపోతూ మిగిలిన సరుకులు మాకిచ్చింది: గోధుమ బిస్కెట్లు, చాక్లెట్లు, దూది ఉండల్లాంటి మార్ష్‌మెల్లోలు. ఆ ఉండను పుల్లకు గుచ్చి మంట మీద కాల్చి, చాక్లెట్‌తో కలిపి రెండు బిస్కెట్ల మధ్య నొక్కి తినాలనీ, తమ దేశంలో ఆరుబయట గుడారాలు వేసుకున్న పిల్లల చలిమంటల దగ్గర అలా తినడం అలవాటనీ ఆ ఇల్లాలు చేతులతో చూపిస్తూ చెప్పింది.

అమ్మ మార్ష్‌మెల్లోల పొట్లం మీది అక్షరాలు చదివింది. "ఏవండీ, ఇందులో గొడ్డు జిగురుందట! ఇది నా గడప తొక్కడానికి వీల్లేదు."

కంచె అవతల రాజయ్య నవ్వాడు. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన షట్టరింగ్ వడ్రంగి అతను. "గా తెల్ల ఉండల్ని ఇడిచిపెట్టున్రి అక్కా. హుఫూఫ్‌ల ఉండి ఖర్జూరానికి కరువా? నడుమ గదొక్కటి వెట్టి ఒత్తితె పాయె!"

మా మిఠాయి అలా పుట్టింది. గింజ తీసిన ఖర్జూరంలో చిటికెడు వేయించిన నువ్వులు, ఒక చాక్లెట్ ముక్క. పైనా కిందా బిస్కెట్. చుట్టూ అల్యూమినియం రేకు. నిప్పులు బూడిద కప్పుకున్నాక నాలుగు నిమిషాలు, తిప్పి మరో రెండు. చీకట్లో మంట కనబడకూడదు గనుక మధ్యాహ్నం వాలాక వచ్చే అసర్ నమాజు తర్వాత రాజేసి, పొద్దు వాలేలోగా ఇసుకతో కప్పేసేవాళ్లం. రాజయ్యది ఒకటే నియమం: తలుపు చట్రాల తెల్లచెక్క ముక్కలే కాల్చాలి, నూనె పూసిన అచ్చు చెక్క మంటలో పడకూడదు, పడితే ఆ పొగకు తిండి చెడుతుంది. ముక్కలు ఏరే పని నాది.

అతను సౌదీ వచ్చాక ఇంటి దగ్గర కూతురు పుట్టింది. మూడేళ్లు దాటినా ఆ పిల్లను చూడలేదు. పాస్‌పోర్టు వీసా ఇచ్చిన యజమాని కఫీల్ దగ్గర, సెలవు యుద్ధం పాలు. కాల్పులు ఆగిన కొన్ని వారాలకు దేశం విడిచి వెళ్లడానికి ఎగ్జిట్ వచ్చింది. ప్రయాణానికి ముందురోజు కూతురి కోసం మిఠాయి చేసుకుందామని వచ్చాడు.

"మళ్లీ వస్తావా?" అన్నాను.

"ఇగ రాను చిన్నమ్మా. మా పోరి నా ఫొటో జూసి, గాయినెవరు అంటుందట."

అతని సంతోషం నాకు నచ్చలేదు. ఆ రోజు కుప్పలోంచి నూనె చెక్కలే ఏరాను, తెలిసే ఏరాను.

పొగ నల్లగా లేచింది. రాజయ్య ఒక పొట్లం విప్పి కొరికి, మంట వైపు చూసి, తర్వాత నా వైపు చూశాడు. నేను ఇసుక వైపు చూశాను.

"పారేయ్ రాజయ్యా, కంపు కొడుతోంది," అన్నాడు నాన్న.

"ఉండనియ్యున్రి సారు. నా అంగీలన్ని గిదే వాసన. నా వాసన బిడ్డకు ముందుగాల్నే ఎరికైతది."

మిగిలినవన్నీ సంచిలో పెట్టుకున్నాడు. నోట్లోది ఉమ్మకుండా నమిలి మింగాడు.

ఏడాది తిరక్కముందే మరో వీసా మీద మళ్లీ సౌదీకే, రాబిగ్ పట్టణానికి వచ్చి నాన్నకు ఫోన్ చేశాడు. పక్కనే ఉన్న నాకు ఆ గొంతు స్పష్టంగా వినబడింది. "మా పోరి నోట్లె వెట్టుకోంగనె ఉమ్మేసింది సారు. ఇగ నేను ఎత్తుకోవోతె చాలు, ముక్కు మూసుకునుడే. నేను అచ్చేదాంక గంతే." చెబుతూ నవ్వాడు; నాన్నా నవ్వాడు. నేను గదిలోకి వెళ్లిపోయాను. నేను చేసింది ఎవరికీ చెప్పలేదు. రాజయ్య కూడా చెప్పలేదు.

ఆ కంచె లేదు, క్వార్టర్సు లేవు, నాన్న లేడు. సైటులో నిప్పు నిషేధం. చాయ్ యంత్రంలోంచి వస్తుంది. మొన్న వడ్రంగి కోసి పడేసిన నూనె చెక్క ముక్క తెల్లచెక్కల మధ్య పడి ఉంది. ఏ మంటా ఎరగని ఆ కుప్పలోంచి దాన్ని వంగి తీసి, విడిగా పెట్టాను.