వేపాకు పరీక్ష

చెనక్కాయ చేలో మా నాయనను రక్తపింజర కరిచింది. ఆటో వచ్చి గట్టు మీద నిలబడింది. మా పెదనాయన మాత్రం ముందు వేపాకు దూసి నాయన నోట్లో కుక్కాడు.

"చేదుగా ఉండాదా రా?"

"ఉండాది అన్నా."

చేదు తెలిస్తే విషం ఎక్కనట్టేనట. అందరూ నిమ్మళపడి ఆటోను పంపేశారు.

సాయంత్రానికి నాయన చిగుళ్ల నుంచి నెత్తురు కారింది. అప్పుడు చిత్తూరు ఆసుపత్రికి పరుగెత్తాం.

"ఈ విషం చెరిచేది నెత్తురును, నాలుక రుచిని కాదు. కరిచిన వెంటనే తేవాల్సింది," అంటూనే డాక్టరు మందు ఎక్కించాడు. నాయన దక్కలేదు.

కర్మాంతరం నాడు పెదనాయన వచ్చినవాళ్లందరికీ చెప్పాడు: "వానికి చేదు తెలిసిందబ్బా. పాముతో పోలా, ఆసుపత్రి సూదితో పోయినాడు."

అందరూ తలలూపారు. రేపు నన్ను పాము కరిచినా వీళ్లు ముందు తెచ్చేది వేపాకే.