కడిగేసిన తరవాణి కుండ

ఇది ఏళ్ళ తరబడి చల్లారని పగ కథ. ఇందులో ఘోరం ఉంది, శపథం ఉంది, నిండు పంక్తిలో ప్రతీకారం ఉంది. అంతా రాసి చదువుకున్నాక తేలిందేమిటంటే, ఇది ఒక మట్టికుండని సబ్బుపొడితో తోమడం గురించి. అయినా మొదలుపెట్టాను కాబట్టి చెబుతాను.

అరకులో నేను అద్దెకుంటున్న గదిలో పొద్దున్నే తరవాణి వాసన లేస్తుంది. పులిసిన గంజినీళ్ళ వాసన. పక్కవాటాలో ఆవిడ రెండుసార్లు చచ్చిన ఎలక కోసం వెతికింది. నాకు మాత్రం అది ముక్కుకి తగలగానే ఎనిమిదేళ్ళ వయసు వచ్చేస్తుంది, ఆకలేస్తుంది, పిన్ని మీద కోపమొస్తుంది. ఎప్పుడూ ఇదే వరస.

మా ఇల్లు డుంబ్రిగుడ దగ్గర. తాతయ్యకి రైల్వేలో పని దొరికి పల్లం నుంచి కొండెక్కితే, మామ్మ తన పుట్టింటి వంటంతా వెంటబెట్టుకుని ఎక్కింది. అమ్మా నాన్నా కూరగాయలతో సంతల వెంట తిరిగేవారు, వంటిల్లు మామ్మ రాజ్యం, ఆ రాజ్యానికి గద్దె తరవాణి కుండ. వలిసెపూలు కొండవాలంతా పసుపు పరిచే చలికాలంలో పొయ్యి పక్కన, పనసపళ్ళు పగిలి వీధంతా తియ్యగా మత్తెక్కించే ఎండాకాలంలో కిటికీ కింద, కాలాన్ని బట్టి కుండ చోటు మారేది. మామ్మ రోజూ వార్చిన గంజి చల్లార్చి అందులో పోసేది, రాత్రి మిగిలిన అన్నం అందులోనే వేసేది, పొద్దున్న పైనీళ్ళు తోడేది, కుండ అడుగు మాత్రం ఎన్నడూ కనపడనిచ్చేది కాదు. అడుగునున్న పాత పులుపే కొత్త గంజిని పులియబెట్టాలి. నాన్న పుట్టకముందు నుంచీ ఉన్న పులుపది. ఆ నీళ్ళలో చోడిపిండి, అంటే రాగిపిండి, కలిపి గుప్పెడు నూకలతో ఉడికిస్తే అంబలి. పచ్చిమిరపకాయ నంజుకుని రెండు గ్లాసులు తాగి బడికెళితే మధ్యాహ్నం గంట దాకా ఆకలి గుర్తురాదు, లెక్కల మాస్టారూ గుర్తురాడు, హాయిగా నిద్రపడుతుంది.

అలాంటి ఇంటికి బాబాయి విశాఖపట్నం నుంచి పెళ్ళాన్ని తెచ్చుకున్నాడు. పిన్ని వచ్చిన నాలుగో రోజు, మామ్మ సంతకెళ్ళిన సమయంలో, అత్తగారికి సాయం చేద్దామని కుండలోదంతా బొప్పాయి చెట్టు మొదట్లో పారబోసి, సబ్బుపొడేసి పీచుతో తోమి, ఎండలో బోర్లించింది. నేను బడి నుంచి వచ్చేసరికి అది కొత్త పెళ్ళికూతురిలా మెరుస్తోంది.

"బాగా కంపు కొడుతోంటే కడిగేశానత్తయ్యా. ఇంక పాచివి తినకండి, ఒంటికి మంచిది కాదు. నేనైతే నిన్నటిది ముట్టనే ముట్టను," అంది పిన్ని, మామ్మ సంత నుంచి రాగానే, పుణ్యం చేసిన ముఖంతో.

మామ్మ కుండని తిప్పి చూసింది, అడుగు చూసింది. "మంచిదమ్మా," అంది. మామ్మ 'మంచిది' అందంటే ఎవరికో మూడిందని మా ఇంట్లో పిల్లికి కూడా తెలుసు. ఆ సాయంత్రం నన్ను పెరట్లోకి పిలిచింది.

"సూడవే గుంటా, దీని సేత పాచి కూడే తినిపిత్తాను. బాగుందనిపిత్తాను. ఎవలికీ సెప్పకు."

"మరి పాచిదని పిన్నికెప్పుడు సెప్తావు మామ్మా?"

"ఆళ్ళమ్మ వత్తాది గదా. అప్పుడు."

ఆ తర్వాతి పదిరోజులూ నా చిన్నతనంలోకెల్లా ఆనందకరమైనవి. రాత్రి అన్నం మెత్తగా మెదిపి, చోడిపిండీ ఉల్లిపాయా జీలకర్రా కలిపి పెనం మీద తట్టిన రొట్టె. మిగిలిన ముద్దపప్పులో చింతపండు రసం పోసి మునగాకు తుంచి వేసిన చారు. నిన్నటి గుమ్మడికాయ కూర నువ్వులతో నూరిన పచ్చడి. పిన్ని ప్రతిదీ రెండోసారి వేయించుకునేది. నేను ఎదురుగా కూర్చుని, ఒక్కో ముద్ద ఆవిడ గొంతు దిగుతోంటే, పగ కూడా వేడివేడిగానే తినాలనుకునేదాన్ని.

పదిరోజులయ్యాక ఆదివారం పిన్ని వాళ్ళమ్మ వచ్చింది. అందరం పంక్తిలో కూర్చున్నాం. మామ్మ ఆవిడ విస్తట్లో రొట్టె వేసి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"మీ అమ్మాయి నిన్నటిది ముట్టదంట గదా వొదినా. పదిరోజులై అదే తింటంది. ఇదీ రేత్రి కూడే."

పిన్ని పరువు అప్పుడే విస్తట్లో పడిందని నేను ముందుకి వంగాను. పిన్ని నమలడం ఆపలేదు.

"తెలుసత్తయ్యా. రెండో రోజే రొట్టెలో మెతుకు తగిలింది. బాగుంది కదా, పొద్దున్నకి చాలదేమోనని అప్పట్నుంచీ రాత్రి ఎసట్లో ఇంకో గిద్దెడు ఎక్కువ పోస్తున్నాను."

మామ్మ నడుం మీంచి చెయ్యి దించింది. "ఓలమ్మ, అందుకేటి బియ్యం బేగి అయిపోతన్నాయి," అంది.

వియ్యపురాలు ఇంకో రొట్టె అడిగింది. ఆ సాయంత్రమే అత్తాకోడళ్ళిద్దరూ కడిగిన కుండలో కొత్త గంజి పోసుకున్నారు. సంధి కుదిరింది. నన్నెవరూ సంప్రదించలేదు గనక నేను సంతకం పెట్టలేదు. కొత్త గంజి పులవడానికి వారం పట్టింది, ఆ వారమంతా నేను ఉప్మా తిన్నాను. క్షమించడానికి అదొక్కటే అడ్డు, కానీ చాలా పెద్ద అడ్డు.

ఇప్పుడు మామ్మ లేదు. ఆ పొయ్యి లేదు, తిరగలి లేదు, పొద్దున్నే చోళ్ళు విసిరే చప్పుడు లేదు. పిన్నీ బాబాయీ విశాఖలో ఉంటున్నారు. మామ్మ నుంచి నాకొచ్చిన కుండలో ఉన్నది వాళ్ళిద్దరూ కలిసి పోసిన రెండో పులుపు. మొదటిది ఎలా ఉండేదో నా నాలుకకి తెలుసు, ఇంకెవరికీ రుచి చూపించలేను.

మొన్న పిన్ని ఫోను చేసింది. "నేనెంత పులియబెట్టినా అత్తయ్య చేతిది రావట్లేదే. కాస్త నీ కుండలోది పంపవూ?"

ఇన్నేళ్ళూ నేను ఈ ఫోను కోసమే బతికాను. ఒక్క 'లేదు' చాలు. కానీ తరవాణి అడిగితే లేదనకూడదని మా ఇళ్ళలో కట్టుబాటు, అడిగింది పగవాళ్ళైనా సరే. 'లేదు' నోటిదాకా వచ్చింది. "ఎంత కావాలి?" అని బయటపడింది.

నిన్న కిరండూల్ పాసింజర్‌లో కిందికి, విశాఖకి, దిగుతున్న తెలిసినావిడకి సీసా ఇచ్చి పంపాను. దారిలో గాలి పట్టి పేలుతుందని తెలిసే, ముందు మూత గట్టిగా బిగించాను. స్టేషన్లో మళ్ళీ వదులు చేశాను. పులిసిన నీళ్ళు సీసాలో నిండా పోయకూడదు, నాలుగు వేళ్ళ ఖాళీ ఉంచాలి, లేకపోతే పొంగి సంచీ తడుస్తుంది.